అటవీ హద్దు దగ్గర ఆగిపోతున్న వ్యవసాయ విస్తరణ

హనుమకొండ నుంచి ఏటూరునాగారం దారిలో వెళ్లే వ్యవసాయ విద్యార్థికి ములుగు వరకు కనిపించేదంతా తెలిసిన లోకమే. వరి మళ్లు, పత్తి చేలు, మిరప తోటలు, మొక్కజొన్న. ములుగు దాటిన తర్వాత అడవి చిక్కబడుతుంది. పాఠ్యపుస్తకంలోని వ్యవసాయం కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. హద్దురాయికి ఇవతలిది వ్యవసాయ శాఖ పరిధి, అవతలిది అటవీ శాఖ పరిధి అన్న విభజన కాగితం మీద ఎంత స్పష్టంగా ఉన్నా, ఆ రాయికి రెండు వైపులా శ్రమించే కుటుంబానికి అటువంటి విభజన లేదు. దాని ఏడాదిలో కొన్ని నెలలు చేనువి, కొన్ని నెలలు అడవివి. విస్తరణ శాస్త్రం ఆ ఏడాదిలో సగాన్ని మాత్రమే చూస్తున్నది.

ఈ లోపం ఇప్పుడు గతంలోకంటే ఎక్కువ నష్టం చేసే దశకు వచ్చింది. అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమిపై, 4 హెక్టార్లకు మించకుండా, గిరిజన కుటుంబానికి హక్కు లభిస్తుంది. ఆ హక్కు వారసులకు సంక్రమిస్తుంది. అమ్మడానికి, బదిలీ చేయడానికి వీలు లేదు. తెలంగాణలో 2023 జూన్ 30న మొదలైన పంపిణీలో సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల మేర పోడు పట్టాలు ప్రకటించారు. జిల్లాల వారీగా చూస్తే అత్యధిక వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నప్పటికీ, పూర్వపు వరంగల్ జిల్లాలోని ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల వాటా కూడా తక్కువది కాదు. భూమి ఎవరిదన్న ప్రశ్నకు చట్టం సమాధానం చెప్పింది. ఆ భూమిలో ఏమి పండించాలన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన వారు వేరే ఉన్నారు. వారింకా నోరు విప్పలేదు. ఆ ఖాళీని ఎరువులు, విత్తనాల దుకాణం నింపింది.

అటవీ సంరక్షణకు, ఆర్థిక వినియోగానికి మధ్య సమతూకం గురించి జరిగే చర్చలన్నీ సాధారణంగా గనుల దగ్గరో, ప్రాజెక్టుల దగ్గరో, కలప దగ్గరో మొదలవుతాయి. అవి చిన్న విషయాలు కావు. అయితే ములుగు, మహబూబాబాద్ అడవుల అంచున ఆ తూకం ప్రతి ఏటా మృగశిర కార్తెలో, ఒక్కొక్క పట్టా ఎకరంలో తేలుతుంది. ఆ ఎకరం కుటుంబాన్ని పోషించగలిగితే పక్కనున్న అడవి నిలుస్తుంది. పోషించలేకపోతే హద్దురాయి కదులుతుంది. ఇది అటవీ శాస్త్రం కన్నా ముందు సేద్య శాస్త్రానికి సంబంధించిన సమస్య.

చెరువు పైన ఉన్న అడవి

కాకతీయుల కాలపు పెద్ద చెరువులు ఎక్కడ ఉన్నాయో గమనిస్తే ఈ సంబంధం కొత్తది కాదని తెలుస్తుంది. 13వ శతాబ్దిలో గణపతిదేవుని పాలనలో వెలసిన పాకాల, రామప్ప చెరువులు గానీ, లక్నవరం, ఘణపురం చెరువులు గానీ గుట్టలూ అడవీ వచ్చి మైదానాన్ని తాకే చోటనే ఉన్నాయి. గుట్టల మధ్య సందును కట్టతో మూసి, పైనున్న అడవిని పరీవాహక ప్రాంతంగా వాడుకున్న నిర్మాణాలవి. అంటే నర్సంపేట, ములుగు ఆయకట్టులో వరి పండించే రైతు ఎనిమిది వందల యేళ్లుగా అడవి నుంచి ఆదాయం పొందుతూనే ఉన్నాడు. ఆ ఆదాయం నీటి రూపంలో రావడం వల్ల దానిని అటవీ ఫలసాయంగా ఎవరూ లెక్కించలేదు. 'అడవి మీద ఆధారపడిన వారు' అన్నప్పుడు గుర్తుకు వచ్చేది తునికాకు కోసే కోయ మహిళే గాని, పాకాల నీటితో యాసంగి నాట్లు వేసే రైతు కాడు.

2023 జూలై చివరి వారంలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల వ్యవధిలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. రాష్ట్ర చరిత్రలోనే అది అత్యధికం. జంపన్నవాగు ఒడ్డున కొండాయి, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి గ్రామాలు మునిగిపోయాయి; ప్రాణనష్టం జరిగింది. అటువంటి వర్షాన్ని ఎంత దట్టమైన అడవీ పూర్తిగా ఆపలేదు. ఆ వరదకు పోడు సాగే కారణమని చెప్పడం శాస్త్రీయం కాదు, న్యాయం అసలే కాదు. కానీ నేల కోత విషయం వేరు. జూలై చివరి వారానికి వాలు నేలలో విత్తిన పత్తి ఏ స్థితిలో ఉంటుందో సేద్య శాస్త్రవేత్తలకు చెప్పనక్కర లేదు. విత్తి ఐదారు వారాలు. మొక్క మోకాలి ఎత్తుకు చేరదు. సాళ్ల మధ్య నేల బట్టబయలుగా ఉంటుంది. పైగా అప్పుడే గుంటక తోలి మట్టిని వదులు చేసి ఉంటారు. సంవత్సరంలో అత్యంత తీవ్రమైన వర్షాలు కురిసే వారాలూ, నేలకు అతి తక్కువ కప్పు ఉండే వారాలూ ఒకటే కావడం ఈ పంట స్వభావంలోనే ఉన్నది. చల్క నేలల పైపొర లోతు తక్కువ. ఆ పొర పోతే ఆ ఎకరం మరి ఎకరం కాదు.

కొట్టుకుపోయిన మట్టి చేరేది చెరువులోకే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి, ఆ మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు, మంచి పనే. కింద పూడిక తీయడానికి వెచ్చించిన దానిలో కొంత భాగమైనా పైన వాలులో రాతి కట్టలకు, అడ్డసాళ్లకు వెచ్చించి ఉంటే ఎంత మిగిలేదో ఎవరూ లెక్క వేయలేదు. చెరువు ఒక శాఖది, వాలు మరొక శాఖది.

పేరు మిగిలింది, బీడు పోయింది

పోడు అన్న మాట ఇప్పుడు వాడుతున్న అర్థం మొదటి అర్థం కాదు. కొంత అడవిని నరికి, కాల్చి, రెండు మూడేళ్లు కొర్ర, సామ, జొన్న, కంది, అనుము కలిపి పండించి, సారం తగ్గగానే వదిలిపెట్టి మరొక చోటికి పోవడం పాత పోడు. వదిలిన చోట మోళ్లు చిగిర్చి, ఆకు రాలి, నేల మళ్లీ కోలుకునేది. జనం తక్కువగా, అడవి ఎక్కువగా ఉన్నంత కాలం అది నడిచింది. ఆ పద్ధతిలో ఎరువు సంచీ పని చేసింది కాలమే.

పట్టా ఇవ్వడమంటే హద్దు స్థిరపడటం. హద్దు స్థిరపడితే బీడు పెట్టడానికి స్థలం ఉండదు. అడవి వైపు సాగు జరగకుండా ఆపాలన్న ఉద్దేశం మంచిదే. అయితే నేలకు సారం తెచ్చిపెట్టే ఏకైక విధానాన్ని కూడా అదే నిర్ణయం రద్దు చేసిందన్న సంగతిని పంపిణీ సందడిలో ఎవరూ గమనించలేదు. బీడుకు బదులు ఏమి పెట్టాలి? ఇప్పుడు పెడుతున్నది యూరియా. సేంద్రియ పదార్థం నానాటికీ తగ్గే చల్క వాలులో యూరియా ఎంత కాలం ఫలితమిస్తుందో తెలియనిది కాదు.

పోడు భూములు పత్తి వైపు మళ్లడానికి కారణాలు స్పష్టమే. కొనేవాడు ఊరి దగ్గరికే వస్తాడు. విత్తనం అప్పుగా దొరుకుతుంది. గింజ పంటల మాదిరిగా పిట్టలు, కోతులు తినవు. ఈ కారణాలను కాదనకుండానే, వరంగల్ పేరు దేశమంతటా ఎందుకు వినిపించిందో కూడా గుర్తుంచుకోవాలి. 1997-98లో పురుగుల తాకిడికి పత్తి దెబ్బతిని రైతులు ప్రాణాలు తీసుకున్నది ఈ జిల్లాలోనే. అప్పుడు మైదానంలో జరిగిన తప్పునే ఇప్పుడు అడవి అంచున, అంతకంటే పలుచని నేల మీద, అంతకంటే బలహీనమైన రైతుతో మళ్లీ చేయిస్తున్నట్లున్నది. గడ్డిమందు తట్టుకునే అనుమతి లేని పత్తి విత్తనం కూడా ఈ మారుమూల గ్రామాల దాకా చేరుతున్నది. గట్టు మీది తునికి పిలకలకు ఆ మందు పడితే ఏమవుతుందన్న ప్రశ్న ఎవరి సిఫారసు పత్రంలోనూ కనిపించదు.

మొక్కజొన్న వేసిన వారి బాధ మరొకటి. అడవి పందులు. వాటి కోసం పెట్టే కరెంటు తీగలు మనుషుల ప్రాణాలు కూడా తీస్తున్నాయి. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఈ అడవులకు వచ్చిపోయే పులులకూ అదే ప్రమాదం. చేను చుట్టూ ఆముదం సాళ్లు వేయడం, గచ్చకాయ కంచె పెంచడం వంటి పద్ధతులను సకశేరుక చీడల పరిశోధకులు ఎప్పటినుంచో సూచిస్తున్నారు. అవి కరపత్రాల్లో ఉన్నాయి. గచ్చకాయ మొలకలు మాత్రం ఏ నర్సరీలోనూ దొరకవు.

లెక్కలోకి రాని ఆదాయం

ఇక హద్దురాయికి అవతలి నెలల సంగతి. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదల కొమ్మ కొట్టుడు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. అదే కాలంలో మొర్రి పండ్లు, వాటి నుంచి సారపప్పు. తొలకరి నాటికి ఇప్ప గింజలు. మిగిలిన కాలంలో తేనె, బంక, అడ్డాకు, చిల్లగింజలు. ఈ క్రమాన్ని పంటల క్యాలెండర్ పక్కన పెట్టి చూస్తే రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటిది, అడవి పనికీ చేను పనికీ కూలీల కోసం పోటీ దాదాపు లేదు. చేను ఖాళీగా ఉన్నప్పుడే అడవి పని ఉంటుంది. రెండవది ఇంకా ముఖ్యమైనది. తునికాకు డబ్బు చేతికి వచ్చేది వానాకాలపు విత్తనాలు కొనవలసిన రోజుల్లోనే. ఆ డబ్బు బాగా వచ్చిన ఏడు దుకాణంలో అప్పు తగ్గుతుంది. రాని ఏడు విత్తనం, ఎరువు, మందు అన్నీ ఒకే ఖాతాలో, ఒకే వడ్డీకి వస్తాయి. పంట కూడా ఆ ఖాతా ఉన్నవానికే పోతుంది.

అంటే తునికాకు అటవీ ఫలసాయం మాత్రమే కాదు, వానాకాలపు పెట్టుబడి. సాగు ఖర్చుల మీద జరిగే అధ్యయనాల్లో విత్తనం, ఎరువు, కూలీ, దుక్కి అన్నిటికీ గడులు ఉంటాయి. పెట్టుబడి ఎక్కడినుంచి వచ్చిందన్న చోట 'సొంతం' లేక 'అప్పు' అని రాసి ఊరుకుంటారు. ఆ 'సొంతం' అన్న మాట వెనుక ఎన్ని ఆకులున్నాయో రాయరు. స్టాండర్డ్ బ్యాగు అంటే 1000 కట్టలు. కట్టకు 50 ఆకులు. ఒక్క బ్యాగు కోసం 50 వేల ఆకులను ఏరి, కోసి, లెక్కపెట్టి, కట్ట కట్టి, కల్లంలో ఆరబెట్టవలసి ఉంటుంది. మే నెల ఎండలో జరిగే ఈ పనిలో ఎక్కువ భాగం మహిళలది.

ఇదే పనిలో అడవికి జరిగే హాని కూడా దాచకూడదు. కొమ్మ కొట్టించడానికి ఖర్చవుతుందని పొదలకు నిప్పు పెట్టే అలవాటు ఉన్నది. నిప్పు పెడితే చిగురు వస్తుంది, నిజమే. దానితో పాటు ఆ నేల మీద మొలిచిన ప్రతి చెట్టు పిల్లా పోతుంది. ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా చెట్టు కింద రాలిన ఆకును కాల్చడమూ అంతే. దశాబ్దాలుగా పూవు ఏరుతున్న పెద్ద ఇప్పచెట్ల కింద పిల్లచెట్టు లేకపోవడానికి ప్రధాన కారణాల్లో ఇది ఒకటి. ఇప్పుడున్నవి తాతల నాటి చెట్లు. వాటి తర్వాత? చెట్టు కింద వల గానీ, పాత చీరలు గానీ పరిస్తే నిప్పు అక్కర లేదు, పువ్వు మట్టి అంటక మంచి ధర కూడా వస్తుంది. ఉట్నూరు ప్రాంతపు గోండు మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్న రోజుల్లో శుభ్రమైన పువ్వుకు గిరాకీ లేదనడం కుదరదు. మొర్రి పండు పరిస్థితి మరీ దయనీయం. పొరుగువాడు ముందే కోసుకుపోతాడన్న భయంతో పక్వానికి రాకముందే కొమ్మలతో సహా నరుకుతారు. ఇది అజ్ఞానం కాదు. హక్కు ఎవరిదో తెలియని చోట ఎవరైనా చేసే పని.

నేర్పితే మారుతుందనడానికి తపసి చెట్టు బంక మంచి ఉదాహరణ. గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టి బంక తీయడం వల్ల చెట్లు చచ్చిపోతుంటే, విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, కోవెల్ ఫౌండేషన్ కలిసి 1990ల నుంచి తక్కువ లోతు గాటుతో, శుభ్రంగా బంక తీసే పద్ధతిని గిరిజనులకు నేర్పాయి. చెట్టు బ్రతికింది, బంక నాణ్యత పెరిగింది, ధర పెరిగింది. అది పూర్తిగా విస్తరణ శాస్త్రం చేయవలసిన పని: ఒక పనిముట్టు, ఒక పద్ధతి, ఒక శిక్షణ, ఒక కొనుగోలుదారు. దానిని చేసింది మాత్రం వ్యవసాయ విశ్వవిద్యాలయం కాదు.

ధర లేని చెట్టు

సంరక్షణవాదులు తరచూ మరిచిపోయేది సంత. 1988 జాతీయ అటవీ విధానం అడవి ఆధారిత పరిశ్రమలు తమ ముడిసరుకును రైతుల సహకారంతో పెంచుకోవాలని చెప్పింది. సారపాకలోని కాగితం మిల్లు ఆ దారిలో నడిచి, భద్రాచలం క్లోన్లుగా పేరుపొందిన నీలగిరి మొక్కలను రైతులకు అందించింది. పొలంలో పెరిగిన నీలగిరి, సుబాబుల్ వల్ల అడవి మీద ఒత్తిడి కొంత తగ్గిందన్నది ఒప్పుకోవలసిన విషయం. దాని రెండో ముఖం మంగపేట మండలం కమలాపురంలో ఉన్నది. అక్కడి రేయాన్ గుజ్జు మిల్లు 2014లో ఉత్పత్తి ఆపేసింది. పత్తి కొనేవాడు ఒకరు పోతే మరొకరు వస్తారు. గుజ్జు కర్రకు అలా కాదు. చెట్టు పంట ఏదైనా సిఫారసు చేసేవారు మిల్లు గేటు మూతపడిన రోజు ఆ రైతు ఏమి చేయాలో కూడా చెప్పగలగాలి. పోడు పట్టాల్లో నీలగిరి వేయించాలన్న ఆలోచన అప్పుడప్పుడు వినిపిస్తుంది. అడవిని తీసిన చోట అడవి కాని చెట్టును పెంచి పచ్చదనం లెక్కలో చూపడం తప్ప దానివల్ల ఆ కుటుంబానికి గానీ, వాగుకు గానీ ఒరిగేదేమీ లేదు.

గోదావరికి అవతలి గట్టున గడ్చిరోలి జిల్లా ఉన్నది. అక్కడి మెండా-లేఖ గ్రామం 2009లో సామూహిక అటవీ హక్కు పొంది, 2011 నుంచి తన వెదురును తానే అమ్ముకుంటున్నది. ఆ తర్వాత ఆ జిల్లాలో అనేక గ్రామసభలు తునికాకును కూడా స్వయంగా వేలం వేయడం మొదలుపెట్టాయి. ఇవతలి గట్టున 1971 నాటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం కింద తునికాకు యూనిట్లను అటవీ శాఖే విక్రయిస్తుంది. కోసినవారికి సేకరణ ధర, ఆపై నికర ఆదాయంలో వాటా ముడుతాయి. వెదురు, తునికాకు సహా చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గిరిజనులదేనని 2006 చట్టం చెప్పిన తర్వాత కూడా ఈ ఏర్పాటు కొనసాగడం ఒక వైరుధ్యం. అయితే గడ్చిరోలి నమూనాను ఉన్నది ఉన్నట్లు దించుకోవాలనడం కూడా తొందరపాటే. బీడీ ఆకు ధర పడిపోయిన ఏడు ఆ నష్టం నేరుగా గ్రామసభ మీదే పడుతుంది. లెక్కలు రాయడం, ఒప్పందం చదవడం, నిల్వ చేయడం నేర్పకుండా హక్కు మాత్రమే అప్పగిస్తే పాత గుత్తేదారే కొత్త పేరుతో వస్తాడు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఇస్తున్న శిక్షణ ఈ గ్రామసభలకు ఎందుకు అందడం లేదన్నది విస్తరణ విభాగాలు తమను తాము అడగవలసిన ప్రశ్న.

ఎవరో ఒకరు నష్టపోయే చోట

సమతూకం అన్న మాట వినడానికి ఇంపుగా ఉంటుంది. ఆచరణలో దాని కింద ఎవరో ఒకరు నలుగుతారు. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలంలో పోడు వివాదంలో ఒక అటవీ రేంజ్ అధికారి హత్యకు గురయ్యారు. ఆ తరువాత గుత్తికోయల గూడేల మీద అందరి దృష్టీ అనుమానంగా మారింది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం హింస మొదలైన తర్వాత ఇవతలికి వచ్చిన కుటుంబాలకు చట్టం గడువు తేదీ అడ్డం వస్తుంది. ఇక్కడ షెడ్యూల్డు తెగగా గుర్తింపూ లేదు. వారికి పట్టా ఇస్తే రేపు మరొక గడువు తేదీ కోసం మరికొంత అడవి పోతుంది. ఇవ్వకపోతే వారు మాయమైపోరు. ఇరుపక్షాలకూ ఇష్టమయ్యే జవాబు దీనికి లేదు. గడువు తేదీని సడలించకుండా ఉండటమే తక్కువ చెడు. ఆ కుటుంబాలకు అడవిని నరకనక్కర లేని జీవనం చూపే బాధ్యత మాత్రం అటవీ శాఖ ఒక్కదానిదే అనుకోవడం తప్పు. పట్టా ఉన్న ఎకరాల్లో ఏడాది పొడుగునా కూలీ దొరికే సాగు ఉంటే ఆ ఒత్తిడి కొంతైనా తగ్గుతుంది.

సంరక్షణ నియమం కూడా కొన్నిసార్లు మొండిగా ఉంటుంది, అయినా దానికొక కారణం ఉంటుంది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేలాది చెట్లు ఒక్క పూటలో నేలకూలాయి. ఏటూరునాగారం అభయారణ్యం అది. గాలికి పడిన చెట్లను సైతం అభయారణ్యాల నుంచి తొలగించరాదని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న ఆదేశించింది. పొయ్యికి కట్టె లేని గూడేనికి కూతవేటు దూరంలో కలప కుప్పలుగా పడి ఉండటం ఎవరికైనా అన్యాయంగానే తోస్తుంది. కానీ పడిన చెట్టుకు అనుమతి ఇస్తే పడగొట్టిన చెట్టు ఏదో, పడిన చెట్టు ఏదో తేల్చేవారెవరు? ఆ మాను అక్కడే చివికితే నేలకు వచ్చే సేంద్రియ పదార్థం విలువ సేద్య శాస్త్రవేత్తకు వేరే చెప్పాలా?

నీళ్లు ముందు, పంట తర్వాత

2025 మే 19న నాగర్‌కర్నూలు జిల్లా మాచారంలో ప్రారంభమైన ఇందిర సౌర గిరి జల వికాసం పథకం పోడు పట్టా భూములకు సౌర విద్యుత్ పంపుసెట్లతో సాగునీరు ఇవ్వాలని తలపెట్టింది. 12,600 కోట్ల రూపాయలతో 2.10 లక్షల మంది రైతులకు చెందిన 6 లక్షల ఎకరాలు దాని లక్ష్యం. పండ్ల తోటలు కూడా అందులో భాగం. తరాలుగా ఆకాశం వైపు చూసిన వారికి నీరు ఇవ్వడాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. భయమల్లా ఒకటే. బోరు పడిన మరుసటి ఏడాది ఆ నీరు వరికి పోతుంది. సూర్యుడి కరెంటుకు బిల్లు రాదు కాబట్టి మోటారు ఆపాలన్న ఆలోచన రాదు. అడవి అంచున భూగర్భజలం తగ్గితే ముందుగా ఎండిపోయేవి అడవిలోని చిన్న వాగులు, వేసవిలో జంతువులు తాగే చెలిమలు. తరువాత ఎండేది కింది చెరువుకు చేరే ఊట.

కాబట్టి పంపు బిగించక ముందే పంట నిర్ణయం కావాలి. ఆ నిర్ణయానికి కావలసిన ముడిసరుకు పరిశోధనా స్థానాల దగ్గర ఉన్నది. వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం రుద్రేశ్వర, వరంగల్ కంది-1 వంటి కంది రకాలను అందించింది. పత్తి మానమంటే ఎవరూ మానరు. పత్తిలో కంది సాలు పెట్టమంటే వింటారు. వాలుకు అడ్డంగా వేసిన ఆ సాలు మట్టిని ఆపుతుంది, ఆకు రాల్చి నేలకు తిరిగి ఇస్తుంది, ఇంట్లో పప్పు ఉంటుంది. బీడు చేసిన పనిలో కొంత భాగాన్ని పప్పుధాన్యం చేయగలదు. గట్ల మీద గ్లిరిసిడియా, వేసవిలో మేకల మందలు కట్టడం మరికొంత చేస్తాయి. చిక్కు ఏమిటంటే కంది కోతకు వచ్చేసరికి పత్తి ఏరి పశువులను వదిలేస్తారు. ఊరంతా కలిసి మేత నియమం పెట్టుకోకపోతే ఒక్క రైతు వేసిన కంది నిలవదు. ఇటువంటి విషయాలు పరిశోధనా క్షేత్రపు కంచె లోపల తెలియవు. పోడు వాలులో రైతుతో కలిసి వేసే ప్రయోగంలోనే తెలుస్తాయి.

మరొక చిక్కు సాయం అందించే తీరులో ఉన్నది. రైతు భరోసా ఎకరాకు ఏటా 12 వేల రూపాయలు ఇస్తుంది. సాగు యోగ్యమైన భూమికే ఇస్తుంది. పట్టా చేనులో నాలుగు ఇప్పచెట్లను, గట్టు మీద తునికి పొదలను, ఒక మూల మొర్రి గుంపును ఉంచుకున్న రైతుకు వాటి వల్ల అదనంగా వచ్చేదేమీ లేదు. పైగా ఆ మూల సాగులో లేదని ఎవరైనా రాస్తారేమోనన్న భయం. సేద్య శాస్త్రం దృష్టిలో ఆ చేను పూర్తిగా సాగులో ఉన్న చేనే. ఇప్ప, తునికి, మొర్రి అక్కడి పంటలే. ఆ మాటను విశ్వవిద్యాలయం సిఫారసుగా రాసి ఇస్తే తప్ప మండల స్థాయి అధికారి దానిని ఒప్పుకోలేడు.

రాష్ట్రంలో సుమారు 5 వేల ఎకరాలకు ఒకటి చొప్పున 2,601 రైతు వేదికలు కట్టారు. ప్రతి క్లస్టర్‌కు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి ఉన్నారు. తాడ్వాయి, గోవిందరావుపేట, కొత్తగూడ, గూడూరు మండలాల్లో ఆ అధికారి వానాకాలపు పంట నమోదు కోసం చేను చేనూ తిరుగుతారు. గట్టు మీది ఇప్పచెట్టు ఆ నమోదులోకి రాదు. కళాశాలల్లో గ్రామీణ వ్యవసాయ పని అనుభవం కోసం నాలుగో సంవత్సరం విద్యార్థులను పల్లెలకు పంపేది కూడా వానాకాలంలోనే. వారు వెళ్లేసరికి తునికాకు కల్లాలు ఎత్తేసి ఉంటారు; ఇప్పపువ్వు రాలే వేళకు వారు తిరిగి వచ్చేసి ఉంటారు. నాలుగేళ్ల చదువులో ఒక్క ఏప్రిల్ నెల కూడా అడవి అంచు గ్రామంలో గడపని పట్టభద్రుడు రేపు ఏటూరునాగారంలో విస్తరణ అధికారిగా చేరతాడు. వచ్చే విద్యా సంవత్సరంలో కనీసం ఒక బృందాన్నైనా మార్చి మధ్య నుంచి మే చివరి వరకు అక్కడ ఉంచడానికి కొత్త నిధులు గానీ, కొత్త చట్టం గానీ అవసరం లేదు. విద్యా మండలి సమావేశంలో ఒక తీర్మానం చాలు.